దడుపు పాలు

పొద్దున్నే పసివాడి నోటికి రొమ్ము అందించే ముందు ఒక చుక్క పాలు ఇంటి పెద్దావిడ దొన్యా ఎవ్లాలియా బొటనవేలి గోటి మీద పడాలి. అది ఆ ఇంటి ఆనవాయితీ. పెద్దావిడ చెయ్యి చాపుతుంది. పాలదాది ఫాబియానా నేత రవిక పక్కకు జరిపి ఒక్క చుక్క పిండుతుంది. పెద్దావిడ గోటిని వెలుతురు వైపు తిప్పి కొంచెం వంచుతుంది. చుక్క గబుక్కున జారిపోతే పాలు పల్చబడ్డాయని తిట్లు. కదలకుండా కూర్చుంటే చిక్కబడ్డాయని తిట్లు. నింపాదిగా, వెనక సన్నని తెల్లచార వదుల్తూ జారితే మాత్రం "ఊఁ" అంటుంది. మూడు నెలలుగా ఫాబియానా ఆ "ఊఁ" కోసం ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తోంది. అలా ఎదురుచూస్తున్నందుకు తన మీద తనకే ఒళ్ళు మండుతుంది.

పునీత మార్త పండుగ నాడు కూడా అంతే జరిగింది.

"ఊఁ," అంది పెద్దావిడ గోరు తుడుచుకుంటూ. "నిన్న ఏం తిన్నావు?"

"జావ, రొట్టెలు, ఉడకేసిన కోడి, పెద్దమ్మగారూ."

"ఎవరితోనైనా గొడవపడ్డావా?"

"లేదండి."

"కోపమొస్తే పాలు పులుస్తాయి. దడుచుకుంటే విషమవుతాయి. దడుపు పాలు తాగిన బిడ్డ మూడు రోజులు బతకడు. గుర్తు పెట్టుకో."

వంటింటి గుమ్మంలో కూర్చుని మొక్కజొన్న పిండి రుబ్బుతున్న వంటమనిషి సిప్రియానా, ఆవిడ అటు తిరగ్గానే గొణిగింది. "మనకి కోపమొస్తే పాలే పులుస్తాయి. ఆవిడకొస్తే నా పిండి కూడా పులిసిపోద్ది."

ఫాబియానా నవ్వు ఆపుకుని పసివాణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. గ్వాటెమాలా దేశపు సాంతియాగో నగరంలో కలవారి ఇళ్ళన్నిటిలోనూ కొండ పల్లెల నుంచి వంతుల మీద తెచ్చిన పాలదాదులు ఉంటారు. ఈ ఏడు సాన్ బ్రూనో పల్లె వంతు. పల్లెపెద్ద వేలెత్తి చూపించింది ఫాబియానాని. అప్పటికి ఆమె కూతురికి రెండో నెల.

పసివాడు ఫెర్మీన్‌ని కన్నది దొన్యా ఇగ్నాసియా. ఇరవై కూడా నిండని పిల్ల. మొగుడు ఓడరేవుకి వెళ్ళాక సరే, వెళ్ళకముందూ ఆ ఇంట్లో ఆమె మాట చెల్లింది లేదు. మొగుడి మేనత్త ఎవ్లాలియాదే పెత్తనమంతా. కన్నబిడ్డను రోజుకు రెండుసార్లు ముద్దు పెట్టుకోవడానికి ఇగ్నాసియా చేతికి ఇస్తారు, మళ్ళీ తీసుకుంటారు.

మధ్యాహ్నం వీధి తలుపు చప్పుడైంది. ఫాబియానా తల్లి పెట్రోనా వచ్చింది. తల మీద ఆకుకూరల గంప, వీపున శాలువాలో కట్టుకున్న మనవరాలు లెన్చా. ఆమె గడప దాటి రావడానికి లేదు. ఎవ్లాలియా నడవలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. నియమం అందరికీ తెలిసిందే. ఫాబియానా కూతుర్ని ఎత్తుకోవచ్చు, కాని మొహం అటు తిప్పి ఎత్తుకోవాలి. రొమ్ము దగ్గరికి రానివ్వకూడదు.

ఫాబియానా అలాగే ఎత్తుకుంది, పిల్ల వీపు తన పొట్టకు ఆనేటట్టు. అయిదు నెలల పిల్ల అంత తేలిగ్గా ఉండకూడదు. రెండు వేళ్ళతో దాని మణికట్టు చుట్టి చూసింది. వేళ్ళ మధ్య ఇంకా చోటు మిగిలింది.

"జావ తాగుతోందా అమ్మా?"

"తాగుద్దిలే. గుడ్డ వత్తి ముంచి పెడితే చీకుద్ది." పెట్రోనా గంప దించి, అక్కర్లేకపోయినా ఆకులు సర్దింది. "చీకటి పడితే మాత్రం నా ఎండు రొమ్మే ఎతుక్కుంటది, పిచ్చిది. ఏముందే దీంట్లో అంటే ఇనదు."

లెన్చాకి వాసన తెలిసింది. తల వెనక్కి తిప్పబోయి గింజుకుంది. అందక ఏడ్చింది. ఆ ఏడుపుకి ఫాబియానా రవిక రెండు వైపులా తడిసిపోయింది.

"అదిగో, చూడు!" ఎవ్లాలియా కుర్చీ చేతి మీద కొట్టింది. "ఫెర్మీన్ పాలు నేలపాలు చేస్తున్నావు. ఇచ్చెయ్ పిల్లని."

"ఒక్క గుక్క పెద్దమ్మగారూ. ఎలాగూ కారిపోయేవే గదా."

"ముందు ఇంటి బిడ్డ తాగాలి."

"తాగి పడుకున్నాడండి."

"లేచాక మళ్ళీ తాగాలిగా."

కిటికీ చువ్వల వెనక ఇగ్నాసియా నిలబడి ఉంది. ఫాబియానా అటు చూసింది. ఇగ్నాసియా తెర వదిలేసింది.

పెట్రోనా మనవరాల్ని మళ్ళీ వీపున కట్టుకుంది. "పల్లెపెద్దనడిగా, ఇంకెవర్నన్నా పంపమని. ఏడాది తిరిగేదాకా నోరెత్తొద్దన్నాడు. పొయ్యేటప్పుడు మనూరి గుడికాడ ఆగి దీపం ఎలిగిస్తాలే. నువ్వు బాగా తిను." ఆ మాట అని వెనక్కి చూడకుండా నడిచింది. నీళ్ళ కాలువ గోడ మలుపు తిరిగేదాకా లెన్చా ఏడుపు వినిపిస్తూనే ఉంది.

*

పల్లెకి రెండు గంటల నడక. ముంగిట్లో ఫెర్మీన్‌కి పాలిస్తూ ఫాబియానా మనసులో తల్లి వెంటే నడిచింది. వాగు దాటి ఉంటుంది. ఎత్తు ఎక్కి ఉంటుంది. ఇప్పుడు గుడిలో ఉంటుంది.

మొదటి కుదుపుకి వంటింట్లో కుండలు పడ్డాయి, అంతే. భూమి కదలడం సాంతియాగో వాళ్ళకి కొత్త కాదు. గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంటూ, గొణుక్కుంటూ అందరూ ముంగిట్లోకి వచ్చి నిలబడ్డారు. కాసేపటికి ఎవ్లాలియా, "అయిపోయింది. పొయ్యి మీది చాక్లెట్ మాడిపోతుంది, వెళ్ళి దించు," అంది. సిప్రియానా రెండడుగులు వేసింది.

రెండోది వచ్చింది. ఈసారి నేల అడుగు నుంచి ఒక రొద లేచింది. పెంకులు వరసలు వరసలుగా లేచి పడ్డాయి. తొట్టిలో నీళ్ళు ఒకవైపు పొర్లి, ఇంకోవైపు పొర్లి, తొట్టి ఖాళీ అయింది. ఊళ్ళో గంటలన్నీ ఎవరూ తాడు లాగకుండానే మోగాయి. తర్వాత ఒక్కొక్కటే మోగడం మానేశాయి. వంటింటి కప్పు సిప్రియానా కళ్ళముందే దిగబడింది. ఎవ్లాలియా పునీతుల పేర్లు ఎలుగెత్తి పిలుస్తూ, పిలిచినవాళ్ళనే మళ్ళీ మళ్ళీ పిలిచింది. ఇగ్నాసియా మోకాళ్ళ మీద పడి వంటమనిషి పావడా పట్టుకుని కేకలు పెట్టింది. పనివాళ్ళు ఇటూ అటూ పరిగెత్తి ఒకరినొకరు గుద్దుకున్నారు.

దుమ్ము కాస్త అణిగాక అందరికీ కనిపించింది ఫాబియానా. ముంగిలి నడిమధ్యన నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. ఫెర్మీన్ రొమ్ము వదలకుండా తాగుతున్నాడు. ఆమె మొహం తన పల్లె ఉన్న నీళ్ళకొండ వైపు ఉంది. అక్కడ కొండ లేదు, దుమ్మే ఉంది.

"చూశారా!" ఎవ్లాలియా గొంతు ఇంకా వణుకుతోంది. "ఊరు కూలిపోతుంటే ఇది రెప్ప కూడా ఆర్పలేదు. వీళ్ళు మనుషులు కారు, బండరాళ్ళు. ఫెర్మీన్ అదృష్టం."

వాన మొదలయ్యాక సిప్రియానా వచ్చి ఫాబియానా చంకల కింద చేతులు వేసి లేపింది.

*

మర్నాటికి బతికినవాళ్ళంతా ఊరి నడిమి మైదానానికి చేరారు. గుడుల్లోంచి విగ్రహాలు తెచ్చి బురదలో నిలబెట్టారు. కలవారు గడ్డి పాకలు వేయించుకున్నారు, లేనివాళ్ళు తడిశారు. శిథిలాల్లోంచి ఎవ్లాలియా మొట్టమొదట తవ్వి తెప్పించుకున్నది తన కుర్చీ.

ఆ మైదానంలో పసిపిల్లల ఏడుపు ఆగడం లేదు. పాలదాదులందరినీ పక్కన పెట్టేశారు. దడుచుకోని ఆడది ఎక్కడుంది? ఊరంతా దడుపు పాలే. ఆరోగ్యంగా, రొమ్ములు నిండి, ఏమీ తోచక పాలదాదులు ఒక చెట్టు కింద కూర్చుని ఉంటే, ఇవతల పిల్లలకి పంచదార నీళ్ళూ గాడిద పాలూ పడుతున్నారు. పిల్లలు కక్కుతున్నారు.

"మా ఇంటి దాది దడుచుకోలేదు," అంది ఎవ్లాలియా, పక్క పాకకి వినపడేటట్టు.

సాయంత్రానికి న్యాయాధికారి గారి మనవరాలిని దాని దాసి ఎత్తుకొచ్చింది. శనివారం పొద్దున ఇంకో పెద్దింటి కవలలు వచ్చారు. ఎవ్లాలియా కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్ళకల్లా గోటి మీద చుక్క చూపించి, ఆ రోజు ఆ పిల్ల ఎలా కూర్చుందో మొదటినుంచీ చెప్పేది. చెప్పినప్పుడల్లా ఫాబియానా ఇంకాస్త బండరాయి అయ్యేది.

ఒకరు దిగితే ఒకరు. నలుగురు పిల్లలు, రెండు రొమ్ములు. మొనలు పగిలి నెత్తురు చూశాయి. సిప్రియానా జావ మీద జావ కాచి పోసింది. "తాగవే తల్లీ. రేపు గవర్నరు గారు కూడా నోరు తెరుచుకుని వస్తాడేమో."

ఫాబియానా నవ్వలేదు. "అక్కా, మా పల్లె కబురేమన్నా తెలిసిందా?"

సిప్రియానా గరిటె చూసుకుంది. "నాకేం తెలుస్తుందే? పొయ్యి దగ్గర ఉండేదాన్ని."

శనివారం మధ్యాహ్నం ఫాబియానా కుర్చీ ముందుకు వెళ్ళి నిలబడింది. "పెద్దమ్మగారూ, ఒక్కపూట వెళ్ళొస్తానండి. మా అమ్మా, పాపా ఎలా ఉన్నారో చూసొస్తాను."

"ఎలా పంపను? అక్కడ చూడకూడనిది ఏదైనా చూస్తే? దడుచుకుంటే? ఈ నలుగురి గతేంటి?"

"పోనీ ఎవరినన్నా పంపి కనుక్కోండి."

"కనుక్కుని నీకు చెప్పినా అంతేగా. నువ్వు ఏమీ వినకుండా ఉండడమే మంచిది. నీ మంచికే."

అప్పుడు అర్థమైంది ఆమెకు. తను దగ్గరికి వెళ్తే మాటలు ఎందుకు ఆగిపోతున్నాయో, కట్టెలమ్మే కొండ ఆడవాళ్ళని పాక దగ్గరికి ఎందుకు రానివ్వడం లేదో. మైదానమంతా ఆమె పాలను కాపాడుతోంది. పాక మూలన ఇగ్నాసియా తడిసిన జుట్టు ఆరబెట్టుకుంటూ తల వంచుకునే ఉంది.

ఆదివారం ఆరుబయట పూజ జరుగుతుంటే ఫాబియానా నీళ్ళ దగ్గర సిప్రియానాని పట్టుకుంది. చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నువ్వు చెప్పకపోతే నేను ఊహించుకుంటున్నదే నిజమనుకుంటా. చెప్పు."

"నన్ను పాకలోంచి గెంటేస్తానంది ఆవిడ..." సిప్రియానా కళ్ళు తుడుచుకుంది. "మీ పల్లెలో గుడి పడిందంట. అంతే విన్నా. లోపల ఎవరున్నారో, ఎంతమందో, ఒట్టు, తెలీదు."

ఫాబియానా చెయ్యి వదిలింది. గుడికాడ ఆగి దీపం వెలిగిస్తాలే అన్న తల్లి మాట ఒక్కటే చెవుల్లో ఉంది. వెనక్కి నడిచి వెళ్ళి, ఏడుస్తున్న కవలల్లో ఒకణ్ణి ఎత్తుకుని రొమ్ము ఇచ్చింది. ఏం చెప్తే తనను వదుల్తారా అని సాయంత్రమంతా ఆలోచించింది. కడుపునొప్పి అందామా? జ్వరమందామా? ఏ అబద్ధమూ గట్టిగా నిలిచేటట్టు లేదు.

*

సోమవారం పొద్దున ఎవ్లాలియా చెయ్యి చాపింది. చుక్క పడింది. గోరు వంచింది. చుక్క నింపాదిగా, వెనక తెల్లచార వదుల్తూ జారింది.

"ఊఁ. మంచి పాలు. దడుచుకోలేదుగా?" నాలుగు రోజులుగా కొత్తగా చేరిన ప్రశ్న ఇది. జవాబు కోసం ఆగే ప్రశ్న కాదు.

"దడుచుకున్నానండి."

న్యాయాధికారి ఇంటి దాసి తలెత్తింది. ఎవ్లాలియా గోరు అలాగే గాల్లో ఉండిపోయింది.

"ఎప్పుడు?"

"ఆ రోజే. భూమి కదిలినప్పుడు."

"అబద్ధం. నా కళ్ళతో చూశాను. బండలా కూర్చున్నావు."

"కాళ్ళు చచ్చుబడ్డాయండి. నిలబడలేక కూర్చున్నాను. అరుద్దామంటే గొంతు రాలేదు. మీరంతా అరిచారు, పరిగెత్తారు. నాకు ఆపాటి కూడా చేతకాలేదు."

"మరి పిల్లాడికి పాలిస్తూ..."

"వాడు ముందే పట్టుకుని ఉన్నాడండి. వాడే వదల్లేదు. నేనివ్వలేదు." ఫాబియానా గొంతు పెరగలేదు. "మా అమ్మా, నా కూతురూ ఆ వేళకి గుడిలో ఉంటారు. అది తలుచుకుని నా ప్రాణం పోయింది. ఇంకా తిరిగి రాలేదు. సిప్రియానక్క లేపితేనే లేచాను, అడగండి."

"ఒళ్ళు చెక్కలా బిగుసుకుపోయింది, నిజమే," అంది సిప్రియానా వెంటనే. "మూత్రం కూడా పోసేసుకుంది. వాన కదా, మీకు తెలిసుండదు."

ఎవ్లాలియా గోటి వైపు చూసింది. తెల్లచార ఇంకా ఆరలేదు. నాలుగు రోజులుగా తాగుతున్న ఫెర్మీన్ ఒంటి మీద కొత్త మెరుపు వచ్చింది. కవలలు కక్కడం మానేశారు. దడుపు పాలు తాగితే మూడు రోజులు బతకరన్న మాట తనదే. ఆ మాట తప్పని నలుగురి ముందు ఒప్పుకోవాలి, లేకపోతే ఈ పాలు పారబోయాలి. అంత వయసు వచ్చిన మనిషి తన మాట ఎలా పారబోస్తుంది? గోటిని పావడాకి గట్టిగా రుద్దింది.

"దీన్ని నా కళ్ళముందు నుంచి తీసేయండి," అంది.

దాసి అప్పటికే పిల్లని లాక్కుని పరిగెడుతోంది. కవలల మనుషులూ వచ్చారు. ఫెర్మీన్‌ని ఎవరూ తీసుకోకపోతే ఇగ్నాసియా లేచి వచ్చి చేతులు చాపింది. తల ఎక్కడ పట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. ఫాబియానా ఆమె మోచేతిని వంచి, పిల్లాడి తల అందులో సర్ది, వెనక్కి తిరిగింది. అబద్ధాల కోసం నిన్నంతా వెతుక్కుంది, చివరికి నిజమే పనికొచ్చింది.

ఫెర్మీన్ ఏడుపు మైదానం చివరిదాకా వెంట వచ్చింది. ఆ ఏడుపుకీ రవిక తడిసింది. "నీ బిడ్డ కాడే, సిగ్గులేదా," అని తన ఒంటిని తనే తిట్టుకుంటూ ఆమె కొండదారి పట్టింది.

*

సాన్ బ్రూనో గుడి ముందు గోడ ఒక్కటే నిలబడి ఉంది, అందులో తలుపు మూసే ఉంది. వెనక రాళ్ళ గుట్ట. ఫాబియానా అక్కడ ఆగలేదు. ఆగితే మళ్ళీ కాళ్ళు పడిపోతాయని తెలుసు. వాగు పక్కన, వెదురూ మట్టీ కలిపి కట్టిన గుడిసె, గడ్డి కప్పుతో సహా ఎప్పటిలాగే ఉంది. గుమ్మంలో పెట్రోనా కూర్చుని మొక్కజొన్నలు ఒలుస్తోంది. ఆమె వీపున శాలువాలోంచి రెండు బుల్లి పాదాలు బయటికి వచ్చి ఉన్నాయి. అందులో ఒకటి కదిలింది.

ఫాబియానా గుమ్మం పట్టుకుని నిలబడింది. "గుడి..."

"దీపం ఎలిగించబోతే దీనికి ఏడుపు," అంది పెట్రోనా, శాలువా ముడి విప్పుతూ. "గుడిలో ఏడిపిస్తే ఫాదర్ తిడతాడని బైటికొచ్చి చెట్టు కింద జావ పడతన్నా. నా ఎనకాలే కూలింది. అయినా నీకు కబురందిందిగా?"

"ఏ కబురు?"

"రెండుసార్లొచ్చాగా. శుక్రవారం ఒకసారి, నిన్నొకసారి. మైదానం చివరే ఆపేశారు. ఆ కుర్చీ ముసల్దే వచ్చి, పిల్లని చూస్తే పాలు కారిపోతాయి, బాగున్నారని నేను చెప్తాలే, పో అంది. చెప్పలేదా?"

ఇంత కోపం తనలో ఉందని ఫాబియానాకి తెలియదు. ఆ కోపంతోనే కూర్చుని, ఆ కోపంతోనే లెన్చాని తన వైపుకి తిప్పుకుంది. పిల్ల రొమ్ము వైపు చూసి మొహం అటు తిప్పేసింది. మూడు నెలలుగా నేర్పింది అదే కదా. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి నాలుగు చుక్కలు పెదాల మీద పిండితే నాకి, ఆలోచించి, పట్టుకుంది. పాలు పులిశాయో లేదో గాని, కడుపు నిండా తాగి నిద్రపోయింది.

మర్నాడు మధ్యాహ్నం వాగు ఒడ్డున ఇద్దరు ఆడవాళ్ళు కనిపించారు. ముందు సిప్రియానా, నెత్తిన మూట. వెనక ఇగ్నాసియా. పట్టు చెప్పులు ఎక్కడో బురదలో పోయినట్టున్నాయి, ఉత్తకాళ్ళతో ఉంది. గుండెకి అదుముకున్న శాలువాలో ఫెర్మీన్ ఏడుస్తున్నాడు. గట్టిగా ఏడ్చే ఓపిక లేని ఏడుపు.

ఫాబియానా గుడిసె లోపల లెన్చాకి పాలిస్తోంది. లేవలేదు.

"గాడిద పాలు నిలవడం లేదు," అంది ఇగ్నాసియా గడప బయటే నిలబడి. "అత్తయ్యగారికి చెప్పకుండా వచ్చేశాను."

ఫెర్మీన్‌ని ఇంకో భుజం మీదికి మార్చుకుంది.

"ఇంకో మాట. మీ అమ్మ వచ్చిన సంగతి నాకు తెలుసు. పాప బాగుందని కూడా తెలుసు. నీకు చెప్పలేదు. చెప్తే వెళ్ళిపోతావని." శాలువాలోకి చూసుకుంది. "వీడు బతకాలని చెప్పలేదు."

ఫాబియానాకి మైదానంలో ఆమె తల వంచుకోవడం, కిటికీ తెర వదిలేయడం, అన్నీ గుర్తున్నాయి. ఈ ఒక్కరోజుకైనా ఆమెను ఆ గడప బయటే నిలబెట్టాలని ఉంది.

"లెన్చా తాగుతోంది. కూర్చోండి," అంది.

ఇగ్నాసియా గడప అవతల మట్టిలో కూర్చుంది. పెట్రోనా మొక్కజొన్న పొత్తు మీంచి తల ఎత్తకుండా, "ముందు ఇంటి బిడ్డ తాగాల," అంది. సిప్రియానా మూతి బిగించుకుని వాగు వైపు చూసింది.

లెన్చా తీరిగ్గా తాగింది. మధ్యలో ఆగి, నవ్వి, మళ్ళీ తాగింది. ఫాబియానా తొందరపెట్టలేదు. బయట ఫెర్మీన్ ఏడుపు ఆగి, వెక్కిళ్ళు మిగిలాయి. రెండో వైపు రవిక తడిసి చుక్కలు ఒళ్ళోకి కారుతున్నాయి. ఆ ఒంటికి రోషం లేదు, ఏం చేస్తాం.

"ఇటివ్వండి," అంది చివరికి. "కాని ఒక్కటి. నేను కిందికి రాను. వీడికి పాలు కావాలంటే మీరే ఇక్కడ ఉండాలి. మేం తిన్నదే తినాలి."

"ఉంటాను."

"నన్నూ ఉండనిస్తే జావ కాస్తా," అంది సిప్రియానా. "ఆ గోటి కింద ఇంక నా వల్ల కాదు."

లేచి ఫెర్మీన్‌ని అందించి ఇగ్నాసియా తూలింది. పెట్రోనా ఆమె చెయ్యి పట్టుకుంది, వదలకుండా నాడి చూసినట్టు చూసింది. "దీనికి దడుపు పోలేదే. చూడు ఎట్టా వణుకుతుందో. ప్రాణం ఆ ముంగిట్లోనే ఉండిపోయింది. పిలవాల." ఆమె లేచి చూరు కింది సదాపాకు రెమ్మ తెంచుకుని, నీళ్ళలో ముంచింది. "పేరేంటి?"

"దొన్యా ఇగ్నాసియా," అంది ఫాబియానా.

"దొన్యా గిన్యా అని మర్యాదలు పెడితే ప్రాణం రాదు. ఉత్త పేరు చెప్పు."

"ఇగ్నాసియా," అంది ఇగ్నాసియా.

పెట్రోనా తడి రెమ్మతో నేలను కొట్టింది. "ఇగ్నాసియా, రా! అక్కడుండకు! ఇగ్నాసియా, రా!" మూడోసారికి ఆ పిల్ల చిన్న గొంతుతో "వస్తున్నా" అని, మొహం చేతుల్లో పెట్టుకుంది.

పెట్రోనా రెమ్మ మళ్ళీ నీళ్ళలో ముంచి కూతురి వైపు తిరిగింది. "ఇక నువ్వు."

"నాకెందుకమ్మా. బాగానే ఉన్నాగా."

"దడుచుకున్నావా, లేదా?"

ఫాబియానా ఒళ్ళో ఒక పక్క లెన్చా, ఇంకో పక్క ఫెర్మీన్. ఇగ్నాసియా వంగి, అడగకుండానే, లెన్చాని జాగ్రత్తగా ఎత్తుకుంది. మోచేతిని సరిగ్గానే వంచింది, పిల్ల మొహం తన వైపుకి తిప్పుకుంది.

"ఫాబియానా, రా!" పెట్రోనా నేలను కొట్టింది. "నీ పిల్ల ఇక్కడుంది, నేనిక్కడున్నా. ఆ ముంగిట్లో ఒక్కదానివే కూర్చోకు. రా తల్లీ!"

మొదటిసారి ఫాబియానా గొంతు రాలేదు. రెండోసారీ రాలేదు. మూడోసారి తల్లి పిలిచినప్పుడు ఆమె నోరు తెరిచింది, భూమి కదిలిన రోజు అరవవలసిన అరుపంతా అప్పుడు అరిచింది. ఇద్దరు పిల్లలూ ఉలిక్కిపడి ఏడుపు లంకించుకున్నారు. ఆ ఏడుపుల మధ్యనే, ముక్కు చీదుకుంటూ, "వస్తున్నానమ్మా," అంది.